పకోడీ పద్దు

చెన్నపట్నం మాధవరంలో కాపురం పెట్టి పాలపదార్థాలు మానేస్తాననడం, తిరుపతిలో ఇల్లు కట్టుకుని లడ్డు ముట్టననడం లాంటిది. ఈ మాట మా డాక్టరుగారితో అన్నాను. ఆయన నవ్వలేదు. చీటీలో ఇంకో మాత్ర చేర్చాడు.

ఆయనకేం, అన్నానగర్‌లో ఉంటాడు. మా పేట పేరే మిల్క్ కాలనీ. ఒక పక్క ఆవిన్ డైరీ, మరో పక్క 1989లో వెలిసిన పశువైద్య విశ్వవిద్యాలయం. మనుషులకి వైద్యం చేయడానికి ఇక్కడ ఎవరూ లేరు గానీ, పత్యం చెప్పడానికి మాత్రం నా ఇంట్లోనే ఒకరున్నారు. పొద్దున్నే పాల బూత్ దగ్గర పలకరింపు కూడా "నీలమా, ఆరంజా?" అనే. నీలం ప్యాకెట్టులో 3 శాతం వెన్న, ఆరంజి ప్యాకెట్టులో 6 శాతం. డాక్టరు నాకు రాసిచ్చింది నీలం. బూత్ దాకా నడవమని కూడా ఆయనే రాసిచ్చాడు. నడుస్తాను. నీలమే తెస్తాను. దానికింద, సంచి అడుగున, ఆరంజివి కూడా ఉంటాయి. అవి తాగడానికి కాదు, పనీరు కోసం విరగ్గొట్టడానికి. ఆ పనీరు ఎవరికోసమని మా ఇంట్లో సూటిగా అడిగే అలవాటు చాలాకాలం లేదు.

నేను రిటైరయ్యేదాకా ప్యారిస్‌లో ఒక ఆడిటరు దగ్గర పద్దులు రాశాను. ఈ ప్యారిస్‌లో ఈఫిల్ టవర్ ఉండదు, హైకోర్టు ఉంటుంది. ఆ కొలువులో నాకు అబ్బిన విద్య ఒక్కటే: ఖర్చు ఎంతయిందన్నది ఎవరికీ పట్టదు, ఏ ఖాతాలో పడిందన్నదే పడుతుంది. ఎవరి ఇంటి ఏసీ ఏ కొట్టు ఖర్చులోకి వెళ్లిందో, ఎవరి తీర్థయాత్ర ఏ వ్యాపార పర్యటనగా తేలిందో చెప్పడం ఇప్పుడు మర్యాద కాదు. ఆ విద్యంతా పింఛనుతోపాటు ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లో దాన్ని వాడుకోవడానికి దొరికిన ఏకైక వ్యవహారం నా తిండి.

డాక్టరు చెప్పినవి రెండు ముక్కలు. వేపుళ్లు తగ్గించండి, ప్రోటీన్ పెంచండి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా కళ్లకి పనీర్ పకోడీ కనిపించింది. పనీరు ప్రోటీనా, కాదా? శెనగపిండి ప్రోటీనా, కాదా? మరి నూనె అంటారా, అది తయారీ ఖర్చు. సరుకు విలువలో తయారీ ఖర్చుని విడిగా చూపించాలని ఎక్కడా లేదు.

ఊరికే వాదించే మనిషిని కాను, ఆధారాలు చూపిస్తాను. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు తిండి గింజల దగ్గర్నుంచి చేపల దాకా దేంట్లో ఏముందో పట్టికలు వేసింది. ఆ సంస్థ 1918లో కూనూరులో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మెకారిసన్ అనే దొర చేతిమీదుగా మొదలై, 1958లో హైదరాబాదుకి మారింది. వాళ్లు అరవదేశం నుంచి తెలుగుదేశానికి వెళ్లారు, మేం నెల్లూరు నుంచి ఇటు వచ్చాం. లెక్క సరిపోయింది. ఆ పట్టిక ప్రకారం 100 గ్రాముల పనీరులో ప్రోటీన్ 19 గ్రాములకి కాస్త తక్కువ, కాల్షియం 470 మిల్లీగ్రాములు దాటి. రోజు మొత్తానికి పెద్దవాళ్లకి కావలసిన కాల్షియం 1000. అంటే సగం పని ఒక్క పళ్లెంలో అయిపోతోంది. ఈ రెండు వరసలూ నా డైరీలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసుకున్నాను. వాటి మధ్యలో 258 కేలరీలని ఒక వరస, కొవ్వు అని ఇంకో వరస ఉన్నాయి. స్థలాభావం వల్ల అవి రాయలేదు.

మా ఆవిడ ఆ డైరీ చూసింది. చూసి ఏమీ అనలేదు. నలభై ఏళ్ల కిందట పెళ్లిచూపుల్లో కూడా ఇలాగే ఏమీ అనలేదు, అప్పుడు దాన్ని నేను అంగీకారం అనుకున్నాను.

కొవ్వు విషయంలో నా అంతరాత్మ శుభ్రంగా ఉందని ఇక్కడ మనవి చేసుకోవాలి. ఎందుకంటే పనీరులో కొవ్వు ఉండడం తప్పు కాదు, చట్టం. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన చూడండి: పనీరులో తేమ 60 శాతం మించకూడదు, తేమ తీసేయగా మిగిలిన దాంట్లో కనీసం సగం పాలకొవ్వు ఉండాలి. అంటే ఎంత నీరుకారిన పనీరైనా 100 గ్రాములకి 20 గ్రాముల కొవ్వు ఉండి తీరాలి, లేదంటే అది మామూలు పనీరుగా అమ్మడానికి వీల్లేదు. చట్టానికి తలవంచే పౌరుడిగా నేనేం చేయగలను? పోషకాహార సంస్థ పట్టికలో మాత్రం 15 అని ఉంది. రెండు అంకెలు ఎదురైనప్పుడు చిన్నదాన్ని తీసుకోవడం మా వృత్తిధర్మం.

పకోడీలు మా ఇంట్లో వేసే పద్ధతి చెబుతాను. దీన్ని చెప్పకుండా మిగతా కథ నడవదు, చెబుతుంటే నాకూ బాగుంటుంది. శెనగపిండిలో ఓ చెంచా బియ్యప్పిండి, వాము అరచేతిలో నలిపి, కారం, ఉప్పు, చిటికెడు ఇంగువ. పిండి గరిటె జారుగా ఉండకూడదు, పనీరు ముక్కని పట్టుకుని వదలనంత చిక్కగా ఉండాలి. బాణలిలో వేరుశెనగ నూనె. ఓ బొట్టు పిండి వేస్తే అడుగుదాకా మునిగి, ఒక్క క్షణం ఆలోచించి, చుట్టూ నురగతో పైకి తేలాలి. అప్పుడు ముక్కలు. వేయగానే రేగే ఆ నురగ నూనెది కాదు, పిండిలోని నీళ్లు ఆవిరై బయటికి తన్నుకొస్తున్న రభస. ఆ ఆవిరి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి పెద్దగా దూరలేదు. నురగ సన్నగిల్లి, చప్పుడు మారి, రంగు తిరిగాక చిల్లుల గరిటెతో పైకి తీస్తాం చూడండి, అసలు దోపిడీ అప్పుడు జరుగుతుంది. పకోడీ చల్లారుతుంటే లోపలి ఆవిరి ముడుచుకుపోతుంది, ఆ ఖాళీలోకి పైనున్న నూనెని పిండిపొర పీల్చుకుంటుంది. బాణలిలో ఉన్నప్పటికన్నా బయటికొచ్చాకే ఎక్కువ నూనె తాగుతుందన్న మాట. అందుకని తీసిన వెంటనే, వేడి మీదే, నూనె ఓడ్చేయాలని శాస్త్రం.

నేను ఆ శాస్త్రాన్నే ఇంకో విధంగా అన్వయించాను. చల్లారితే నూనె తాగుతుంది కాబట్టి చల్లారకముందే తినేయాలి. స్టవ్వు పక్కనే నిలబడి తినడం ఆరోగ్య సూత్రమని నాకు అప్పటినుంచీ తోచింది. నాలుక కాలితే ఊదుకునేవాణ్ణి. ఆ ఊదేటప్పుడు పకోడీ చల్లారుతోందన్న సంగతి, మీద అంటుకున్న నూనె పకోడీలోకి పోకపోయినా నాలోకి పోతోందన్న సంగతి నా అన్వయంలోకి రాలేదు.

పూర్వం న్యూస్‌పేపరు మీద పరిచి నూనె అద్దేవాళ్లం. పకోడీ తిరగేస్తే దాని వీపు మీద సంపాదకీయం అచ్చుపడి ఉండేది. 2016లో ఆహార భద్రతా సంస్థే, అచ్చు కాగితాల్లో తినుబండారాలు కట్టొద్దు, సిరాలో ఉండే రసాయనాలు కడుపులోకి పోతాయని హెచ్చరించాక అదీ మానేశాం. ఇప్పుడు పాత మల్లుపంచె ముక్క వాడుతున్నాం. అది నాదే.

ఇక మా ఆవిడ ఆడిట్ సంగతి. అబ్బాయి కొనిచ్చిన వంటింటి కాటా ఒకటి చాలాకాలం అల్మరాలో ఊరికే పడి ఉంది. ఓ ఆదివారం అది స్టవ్వు పక్కకి వచ్చింది. ముగ్గురికి 300 గ్రాముల పనీరు. బాణలిలో పోయబోయే నూనెని ముందు గిన్నెలో తూచింది. వేపుడయ్యాక, నూనె చల్లారాక, వడకట్టి, మళ్లీ తూచింది. నేను హాల్లో కూర్చుని మూడో విడత ముగిస్తుండగా వంటింట్లోంచి గొంతు.

"ఏమండీ, డెబ్భై అయిదు గ్రాములు తక్కువొచ్చింది."

"ఆవిరై ఉంటుంది."

"ఆవిరయ్యేది నీళ్లని మొన్న మీరే గంటసేపు చెప్పారు."

"పోనీ తరుగు అని రాయి. ఏ సరుకులోనైనా తరుగుంటుంది."

"తరుగు మీ నడుం దగ్గర జమైంది" అని కాటా తుడిచి అల్మరాలో పెట్టేసింది.

75ని మూడుతో భాగిస్తే మనిషికి 25 గ్రాములు. పంచెముక్క పీల్చింది కొంత పోయినా దానికి అటూఇటూ. నూనె గ్రాముకి 9 కేలరీలు, ఇందులో వేరుశెనగ, పొద్దుతిరుగుడు, ఆలివ్ అన్న కులభేదం లేదు. అంటే ఒక్క నూనెకే 225. పనీరుకి 258. యాభై గ్రాముల శెనగపిండికి మరో 180 దాకా. మొత్తం 660 పైమాటే. నేను ఆరాధించే ఆ పోషకాహార సంస్థే 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్లెం ఒకటి గీసి చూపించింది. అందులో రోజంతటికీ నూనెలూ కొవ్వులూ కలిపి 27 గ్రాములు. నా పకోడీలు పోగా నాకు మిగిలింది 2 గ్రాములు. పొద్దుటి దోసెకి, మధ్యాహ్నం చారు తాలింపుకి, రాత్రి కూరకి కలిపి ఆ రెండు గ్రాములు. చారులో ఆవాలు చిటపటమనడానికి కూడా చాలవు, ఉసూరుమంటాయి.

ఇంతా చేసి ఇది భోజనం కాదు. నాలుగు గంటల కాఫీకి తోడు. హోటళ్లలో అయితే అసలు భోజనానికి ముందు, ఆకలి పుట్టించడానికని పెడతారు. నాకు ఆకలిని ప్రత్యేకంగా పుట్టించాల్సిన అవసరం పుట్టినప్పటినుంచీ రాలేదు. అయినా హోటలుకి వెళితే నా వేలు ముందు ఆ పేజీలోకే పోతుంది. ఈ విషయంలో చెన్నపట్నానికి పెద్ద చరిత్రే ఉంది. చికెన్ 65ని 1965లో తామే మొదలుపెట్టామని మౌంట్ రోడ్డు బుహారి హోటలువాళ్లు చెప్పుకుంటారు. ఆ వంశంలోనే తర్వాత గోబీ 65, పనీర్ 65 పుట్టాయి. మాంసం తినని మాలాంటివాళ్లకి ఆ ఎర్రరంగు, కరివేపాకు, పచ్చిమిరపకాయల వైభవం అందించిన పుణ్యం పనీరుదే. మొక్కజొన్న పిండి పొర మాత్రం శెనగపిండిలా ప్రోటీన్ అని చెప్పుకోవడానికి పనికిరాదు. అక్కడ నా పద్దు కొంచెం ఇబ్బందిపడుతుంది. అలాంటివి మేం సస్పెన్స్ ఖాతాలో వేస్తాం.

ఈ మధ్య మనవడి పుణ్యమా అని ఇంకో పద్దు చేరింది. వాడికి పనీరు "తాతయ్య చీజు". వాడి చీజు వేరే, మొజరెల్లా. పొడుగు ముక్కలకి రొట్టెపొడి అద్ది వేయిస్తారు, కొరికితే తీగలు సాగుతాయి. నా పనీరు అంత మరుగుతున్న నూనెలోనూ ఆకారం చెదరదు, అదెందుకలా కరిగి సాగుతుందని ఆరా తీశాను. పనీరుని నిమ్మరసంతోనో, వెనిగర్‌తోనో విరగ్గొడతాం. ఆ పులుపుకి పాలలోని కేసీన్ అనే ప్రోటీన్‌ని జిగురులా పట్టి ఉంచే కాల్షియం కొంత నీళ్లలోకి వచ్చేస్తుంది. అలా బిగిసిన ముద్ద వేడికి కరగదు. మొజరెల్లాని రెన్నెట్ అనే ఎంజైముతో తోడుపెడతారు, అందులో కాల్షియం చాలినంత మిగిలి, వేడికి ప్రోటీన్ పోగులు ఒకదానిమీద ఒకటి జారి సాగుతాయి. పోషకాల్లో మాత్రం దాయాదులే. వంద గ్రాముల మొజరెల్లా 300 కేలరీలు, ప్రోటీన్ 22, కొవ్వు కూడా 22. పైగా ఉప్పు. మన ఇంటి పనీరులో మనం వేస్తే తప్ప ఉప్పుండదు, మొజరెల్లా పుట్టుకతోనే ఉప్పనిది. ఆపైన రొట్టెపొడిలో కొంత, ముంచుకునే సాస్‌లో కొంత.

ఫ్రీజరులో పెట్టుకునే వాటి ప్యాకెట్టు ఒకటి తిప్పి చదివాను. 2020 లేబులు నిబంధనల ప్రకారం రోజువారీ లెక్కకి 2000 కేలరీలు, మొత్తం కొవ్వు 67 గ్రాములు, సంతృప్త కొవ్వు 22, సోడియం 2000 మిల్లీగ్రాములు ప్రమాణంగా పెట్టుకుని, ఒక వడ్డన అందులో ఎంత శాతమో చూపాలి. చూపించారు. శాతాలు ముచ్చటగా, చిన్నచిన్నగా ఉన్నాయి. మూడోసారి చదివితే గాని తెలియలేదు, ఒక వడ్డన అంటే మా మనవడు టీవీ పెట్టకముందే మింగేసేంత. ఆ లేబులు రాసిన మహానుభావుడెవరో గానీ, వృత్తిరీత్యా చేతులెత్తి నమస్కరించాను. ఇంతకాలం పద్దులు రాసి, లవాన్ని చిన్నది చేస్తే అంతా చిన్నదవుతుందన్న సంగతి నాకే తట్టలేదు.

ఆ 22 గ్రాముల సంతృప్త కొవ్వు దగ్గర మాత్రం నవ్వు ఆగింది. పాలకొవ్వులో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఆ జాతిదే. డాక్టరు నా రిపోర్టులో ఎర్రసిరాతో చుట్టిన చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచేదీ అదే. నా పళ్లెంలో పనీరు నుంచే, చిన్న అంకె 15 తీసుకున్నా, 9 గ్రాముల పైన. ఆరంజి ప్యాకెట్టు సంగతి నేనుగా చెప్పను.

అబ్బాయి ఎయిర్ ఫ్రయ్యరు తెచ్చాడు. నూనె లేకుండా పకోడీ వస్తుందని వాడి నమ్మకం. నేను అడ్డు చెప్పలేదు, పిండి కలిపి ఇచ్చాను. పిండి జల్లెడ బుట్టలోంచి కిందికి కారింది. పైన పనీరు దిగంబరంగా, కింద అట్టు ఎండిపోయి. ఆ యంత్రంలో తడిపిండి నిలవదని, దానికి రొట్టెపొడి అద్దినవైతేనే కుదురుతాయని తర్వాత తెలిసింది. నాకు ముందే తెలుసేమోనని మా ఆవిడకి అనుమానం. అనుమానానికి ఓచరు లేదు కాబట్టి నేను జవాబివ్వలేదు.

మరి ఆవిడ చేసిందేమిటంటే, పనీరు ముక్కలకి కారం, పసుపు, కాస్త పెరుగు పట్టించి, పెనం మీద ఒక చెంచా నూనెతో నాలుగువైపులా కాల్చింది. 25 గ్రాముల చోట 5. ప్రోటీన్‌లో శెనగపిండి వాటా తప్ప ఏమీ తగ్గలేదు. అంచులు మాడీమాడనట్టుగా, లోపల మెత్తగా, నిమ్మకాయ పిండితే... బాగుంది. ఈ వ్యాసం ఆవిడ చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను, చాలా బాగుంది. పైకి మాత్రం "పత్యపు కూరలా ఉంది" అన్నాను. ఒక్కసారి ఒప్పుకుంటే ఆ పెనం ఇక పొయ్యి దిగదు.

చివరికి రాజీ కుదిరింది. పకోడీలు వేయొచ్చు. కానీ ప్రతిసారీ నూనె ముందూ వెనకా తూచి, తగ్గినదాన్ని తిన్న తలలతో భాగించి, నా వాటా గోడ మీద క్యాలెండరులో రాయాలి. ఆవిడ ఈ షరతు పెట్టగానే నా మనసు ఎగిరి గంతేసింది. తలలతో భాగించాలట! ప్యాకెట్టు మీది మహానుభావుడు లవాన్ని తగ్గించి బతికాడు. నేను హారాన్ని పెంచి బతుకుతాను. నా పళ్లెంలో ఎన్ని పడినా పంపకంలో నా పేరుమీద పడేది సగటే.

తలలకి మాకు కరువు లేదు. ఇదివరకు ఆంధ్రా బస్సులు కోయంబేడులో ఆగేవి, చుట్టాలు అక్కడి నుంచి మా ఇంటికి రావడానికి బద్ధకించేవాళ్లు. 2018లో బస్టాండు మాధవరంలోనే వచ్చింది. నెల్లూరు, తిరుపతి, కాళహస్తి బస్సులన్నీ మా గుమ్మంలో దిగినట్టే. నెల్లూరులో ఉన్న బావమరిదికి ఫోను చేశాను. "ఎన్నాళ్లయిందిరా నిన్ను చూసి" అన్నాను. వాడికి కళ్లనీళ్లు తిరిగాయట, అక్కతో చెప్పాడు. బావ మారిపోయాడన్నాడట.

ఆదివారం వచ్చాడు. మనిషి సన్నబడ్డాడు. నూనె తూకం నా కళ్లముందే జరిగింది. పళ్లేలు వచ్చాయి. నేను నాలుగు తలల లెక్క మనసులో వేసుకుంటూ ఒకటి నోట్లో పెట్టుకున్నాను. వాడు పకోడీని చేత్తో పట్టుకుని, అరటిపండు ఒలిచినంత శ్రద్ధగా పైపొర ఒలిచి, పనీరు ముక్క మాత్రం నోట్లో వేసుకున్నాడు.

"ఏంట్రా అది?"

"షుగరు వచ్చింది కదా బావా. పిండి మానేశా. పనీరు మాత్రం పర్వాలేదన్నారు, ప్రోటీను" అని, ఒలిచిన తొక్కని నా పళ్లెంలో పెట్టాడు. "నీకిష్టం కదా, కరకరలాడే ముక్క."

తర్వాతదీ అంతే. ఆ తర్వాతదీ అంతే. బంగారు రంగులో, మెరుస్తూ, బాణలిలోంచి బయటికొచ్చాక తాగిన నూనెనంతా తమలోనే దాచుకున్న పొరలు నా ముందు కుప్పపడుతున్నాయి. అన్నాన్నీ పిండివంటనీ పారేయడం మా ఇంటావంటా లేదు.

మా ఆవిడ క్యాలెండరు దగ్గర పెన్నుతో నిలబడి ఉంది.

"ఏమండీ, తల నాలుగోది కూడా మీదే అని రాయనా?"